మూడో మైకు కింద సీటు

సౌండ్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఏ మైకు కొనాలి సార్?" నాకు ఒళ్లు మండుతుంది. మైకుదేముందయ్యా, డబ్బులుంటే ఎవడైనా కొంటాడు. హాల్లో కూర్చున్న మనిషి ఎప్పుడు ఊపిరి పీలుస్తాడో తెలుసా నీకు? అది తెలుసుకుని రా, అప్పుడు మాట్లాడుకుందాం.

నా పేరు రత్నరాజు. మాది పాలకొల్లు దగ్గర. నోయిడాలో ఒక స్టూడియోలో హిందీ కామెడీ షోకి సౌండ్ చూశాను. సర్వీసంతా దాదాపు ఆ ఒక్క షోతోనే గడిచిపోయింది. చిన్న చిన్న స్కిట్లు, ఎదురుగా జనం, వాళ్ల నవ్వు, ఇంతే షో. దాని అసలు పేరు రాయను. వీధి గోలంతా అందులోనే ఉండేదని చూసేవాళ్లు 'మొహల్లా' అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను. నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఎవడు ఎవడి ఫైలు తొక్కిపెట్టాడో కూడా రాయను. అవన్నీ మీకూ జరుగుతాయి, మీరే తిట్టుకుందురుగాని.

ఇప్పుడు ఉండేది ఢిల్లీ పక్కన వైశాలిలో, ఒక్కణ్ణే. పిల్లలు లేరు. నా భార్య సుగుణ పోయాక ఇంట్లో టీవీ ఊరికే పెట్టి ఉంచుతాను, మనుషుల గొంతులు వినపడటానికి. పొద్దున పనిచేసే దీదీ వచ్చి "అంకుల్, సబ్జీ క్యా బనావూ?" అని ఏం కూర చెయ్యాలో అడిగి, వండి వెళ్లిపోతుంది. ఆ రోజుకి నా మాటలు అక్కడితో అయిపోయినట్టే.

నవ్వు ఎక్కడ మొదలవుతుంది

మొహల్లా హాల్లో జనం నెత్తిమీద మూడు మైకులు వేలాడేవి. ఒకటి ఎడమవైపు, ఒకటి మధ్యలో, మూడోది కుడి గోడ దగ్గర. ఒక్కోదాని శబ్దం విడివిడిగా రికార్డయ్యేది. తర్వాత ఎడిటింగ్‌లో నేను కూర్చుని, ఏ వైపు నవ్వు ఎంత ఉంచాలి, ఏది తగ్గించాలి అని చూసేవాణ్ణి. మా పెద్దమ్మ ఒకసారి అడిగింది, "ఢిల్లీలో ఏం పని చేత్తన్నావురా?" అని. "నవ్వులు సర్దుతున్నానే" అన్నాను. "చదూకున్నోడివి, ఇదేం పన్రా నాయనా" అని ముక్కున వేలేసుకుంది.

నవ్వు 'హ' అన్నచోట మొదలవదు. దానికి ముందు మనిషి గబుక్కున ఊపిరి లోపలికి లాగుతాడు చూడండి, అక్కడ మొదలవుతుంది. కొత్తలో ఆ ఊపిరి ఎందుకులే అని కోసేసి నవ్వు మాత్రం ఉంచాను. టీవీలో వింటే జనం నవ్వుతున్నట్టు లేదు, ఎవరో గిల్లితే అరుస్తున్నట్టుంది. అందరూ నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వుకి మాత్రం ఊపిరి బాగానే ఉంది.

ఇంకోటి. ఒక జోకుకి వచ్చిన నవ్వు తీసుకెళ్లి ఇంకో జోకు కింద అతికించొద్దు. అందరూ చేస్తారు, నాచేతా చేయించారు. కానీ వినేవాడికి తెలిసిపోతుంది. ఎలా తెలిసిందంటే చెప్పలేడు, ఛానల్ మార్చేస్తాడంతే.

గోడలో సాకెట్టు

పెళ్లయి ఢిల్లీ వచ్చేనాటికి సుగుణకి హిందీ ముక్క రాదు. లక్ష్మీనగర్‌లో రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. ఆదివారం తెలుగు చర్చికి వెళ్తే మనవైపు నర్సమ్మలు, కంటోన్మెంట్ నుంచి మిలటరీవాళ్ల భార్యలు కనపడేవాళ్లు. ఆ ఒక్క పూటే తను నోరారా మాట్లాడేది. మిగతా వారమంతా కిటికీ, నేనొచ్చే దారి. కొన్నాళ్లకి కూరగాయలు బేరమాడే హిందీ వచ్చింది. జోకుల హిందీ వేరు. ఏ భాషలోనైనా అది చిట్టచివర వస్తుంది.

"మీరేమో రోజంతా నవ్వులింటారు. నేను కుక్కరు కూతలింటన్నాను," అంది ఒకరోజు. అన్నది నవ్వుతూనే, కానీ నాకు అన్నం సహించలేదు. ఆ వారం రికార్డింగ్‌కి వెంటబెట్టుకుని వెళ్లాను.

మూడో వరస చివర, కుడి గోడ పక్కన ఒక సీటుండేది. ఆ గోడలో టాక్‌బ్యాక్ సాకెట్టు ఉంది. టాక్‌బ్యాక్ అంటే, మేం పైన అద్దాల గదిలోంచి హాల్లో ఉన్న మావాళ్లతో చెవిలో మాట్లాడే లైను. మేం ఏం మాట్లాడినా వాళ్లకే వినపడుతుంది, రికార్డవదు. ఆ సాకెట్టుని ఎవరూ వాడటం లేదు. సుగుణని అక్కడ కూర్చోబెట్టి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టి, పైన కొంగు కప్పుకోమన్నాను. స్టేజీ మీద జోకు పడగానే నేను పైనుంచి బటన్ నొక్కి తెలుగులో చెప్పాలి. అదీ ఏర్పాటు.

మొదటి రోజు జోకు ఇంకా గుర్తుంది. అద్దెకున్నవాడు ఇంటి ఓనరు దగ్గరికొచ్చి మొత్తుకుంటాడు, పంపు తిప్పితే నీళ్లు రావటం లేదు, ఉత్త గాలి వస్తోందని. ఓనరు అంటాడు, "మరి ఫ్యాను కావాలని ఎందుకు గొడవ చేస్తున్నావు?" హాలంతా నవ్వింది. నేను బటన్ నొక్కి, "పంపులో గాలొత్తంది గదా, ఇంక ఫ్యానెందుకయ్యా అంటన్నాడు" అన్నాను. ఈలోగా హాలు సద్దుమణిగిపోయింది. అప్పుడు, అందరూ ఊరుకున్నాక, సుగుణ ఒక్కతే పకపకా నవ్వింది. జనం తల తిప్పి చూశారు. వాళ్లు చూడటం చూసి ఇంకా నవ్వింది.

అలా మొదలైంది. ప్రతి రికార్డింగ్‌కీ అదే సీటు, సరిగ్గా మూడో మైకు కింద.

సేఠీ సాబ్

మా డైరెక్టరు సేఠీ సాబ్‌ది ఉరుము లాంటి గొంతు. ఆయనకి హాల్లో మైకు అక్కర్లేదు. నాలుగైదు రికార్డింగులయ్యాక అరిచారు, "అరే భయ్యా, యే లేట్ వాలీ కౌన్ హై?" ఎవరీ ఆలస్యంగా నవ్వే ఆవిడ అని. నేను తల వంచుకుని నా బోర్డు మీది నాబులు తుడుచుకుంటూ కూర్చున్నాను.

అన్ని జోకులూ తెలుగులోకి రావు. ఒక స్కిట్‌లో పెళ్లి బ్యాండు మాస్టరు మాటిమాటికీ ఉర్దూ షాయరీ చదువుతాడు. అది నాకే సగం అర్థం కాదు, ఇంక తనకేం చెబుతాను? ఏదో ఒకటి చెప్పాలి కదా అని బటన్ నొక్కి, "ఆ బ్యాండోణ్ణి చూడు, అచ్చం మీ చిన్నబావే. ఆ మీసం, ఆ నడకాను" అన్నాను. హాల్లో చీమ చిటుక్కుమనలేదు. సుగుణ ఒక్కతే పొట్ట పట్టుకుని నవ్వటం మొదలెట్టింది. ఆవిణ్ణి చూసి పక్కవాళ్లు, వాళ్లని చూసి వెనకవాళ్లు. సేఠీ సాబ్ స్కిట్ హిట్టని తేల్చేశారు. బ్యాండు మాస్టరు వేషం కొన్నేళ్లు నడిచింది. ఆ నటుడు నాకు మిఠాయి డబ్బా తెచ్చిచ్చాడు. పాలకొల్లులో చిన్నబావగారికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

కాబట్టి నవ్వు వచ్చిందని జోకు బాగుందనుకోకండి. ఎవరు ఎందుకు నవ్వుతున్నారో మీకేం తెలుసు?

చివరికి ఒకరోజు సేఠీ సాబ్ చెప్పా పెట్టకుండా అద్దాల గదిలోకి వచ్చారు. నేను బటన్ మీద వేలు పెట్టి తెలుగులో గొణుగుతున్నాను. "కిస్‌సే బాత్ కర్ రహా హై, రాజు?" అన్నారు, ఎవరితో మాట్లాడుతున్నావని. ఇంక దాచేదేముంది, చెప్పేశాను. నా భార్య సార్, హిందీ రాదు, ఇంట్లో ఒక్కతే ఉంటోంది అని. ఆయన అద్దంలోంచి కిందకి చూశారు. కొంగు కప్పుకుని, తల కొంచెం పక్కకి వంచుకుని కూర్చుంది సుగుణ. ఉద్యోగం పోయిందిరా బాబూ అనుకున్నాను.

"ఎడిట్‌లోంచి తీసెయ్," అన్నారు సేఠీ సాబ్. "సీట్లోంచి తియ్యకు."

చాలామంది బాసుల కింద పనిచేశాను. నోటికొచ్చినట్టు తిట్టినవాళ్లూ ఉన్నారు, పుట్టినరోజుకి కేకు కోయించినవాళ్లూ ఉన్నారు. మంచి బాసు ఎవరని అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ ఒక్క మాటే.

అప్పట్నుంచి ప్రతి ఎపిసోడ్‌కీ ఎడిటింగ్‌లో కూర్చుని, మూడో మైకులోంచి నా భార్య నవ్వు కోసేయటం నా డ్యూటీలో భాగమైపోయింది. టీవీలో షో వస్తుంటే పక్కన కూర్చుని అడిగేది.

"నా నవ్వేదండీ?"

"కోసేశాను."

"జాలి లేని మనిషండీ మీరు," అని నా భుజం మీద ఒకటి వేసేది.

లైను పోయిన రోజు

ఢిల్లీ వచ్చి పదేళ్లు దాటాక జరిగిందిది. రికార్డింగ్ మొదలైంది, మొదటి జోకు పడింది, బటన్ నొక్కాను, లైటు వెలగలేదు. ఎక్కడో ఎలుక వైరు కొరికేసింది. రికార్డింగ్ నడుస్తుంటే కిందకి దిగే వీల్లేదు. పైనుంచి చూస్తే సుగుణ తల వెనకభాగం కనపడుతోంది. పాపం, అంతసేపు ఏమీ అర్థం కాకుండా కూర్చోవాలి కదా అని నాకు ప్రాణం ఉసూరుమంది.

ఎడిటింగ్‌లో ఆ రోజు మూడో మైకు ట్రాకు తెరవనే లేదు. నేను చెప్పకపోతే తను నవ్వదు, తను నవ్వకపోతే కోసేదేముంది? మిగతా రెండింటితో పని కానిచ్చి, మూడోది మూసేశాను.

ఇంటికి వెళ్లే బస్సులో అడిగింది. "ఆ దర్జీవోడు ఏవన్నాడండీ? అందరూ తెగ నవ్వారు." చెప్పాను. పెళ్లికొడుకు వచ్చి షేర్వానీ బిగుతైపోయిందని గోల చేస్తాడు. దర్జీ అంటాడు, "నేను కొలత ప్రకారమే కుట్టాను సాబ్, మీరే కొలత ప్రకారం ఉండలేకపోయారు." కండక్టరు తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. "ఇంకా? ఆ తర్వాతది?" లక్ష్మీనగర్ వచ్చేదాకా ఒక్కొక్కటీ చెప్పించుకుంది, ఒక్కోదానికీ నవ్వింది.

ఆ తర్వాత రికార్డింగ్‌కి ముందు లైన్లన్నీ చూసుకోవటం అలవాటు చేసుకున్నాను. మీరూ చేసుకోండి. ఎలుకలు లేని స్టూడియో నేనింతవరకూ చూడలేదు.

మొహల్లా ముసలిదైంది

సేఠీ సాబ్ రిటైరయ్యాక కొత్తాయన వచ్చారు. జనాన్ని పిలవటం, కూర్చోబెట్టటం, టీలివ్వటం దండగన్నారు. హాలు ఖాళీ అయింది. నవ్వులు కంప్యూటర్లో పెట్టుకుని, కావలసినచోట అతికించమన్నారు. అతికించాను. సుగుణకి అప్పటికే మోకాళ్ల నొప్పులు, రావటం మానేసింది. కుర్రాళ్లు షో చూడటం మానేశారు. "మా తాతయ్య చూస్తాడు అంకుల్ అది," అన్నాడు మా కింద ఫ్లాటు పిల్లాడు. షో ఆగిపోలేదు, కాళ్లీడ్చుకుంటూ నడిచింది. నేను రిటైరయ్యాను. కొన్నాళ్లకి సుగుణ పోయింది.

ఒక సంగతి రాయాలి. ఊళ్లోవాళ్లందరి గొంతులూ రికార్డు చేసినవాణ్ణి, నా ఇంట్లో ఏనాడూ మైకు పెట్టలేదు. సుగుణ గొంతు నా దగ్గర లేదు. ఫొటోలున్నాయి. ఫొటోలు నేనేం చేసుకోను?

లేట్ వాలీ ఆంటీ

కిందటి చలికాలంలో ఫోనొచ్చింది. షాలిని అని, మొహల్లా కొత్త ప్రొడ్యూసరు. ఢిల్లీ ద్వారకలో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల, అమ్మానాన్నలది ఏలూరు. నేను తెలుగులో మాట్లాడితే తను హిందీలో జవాబిస్తుంది. "సమఝ్ మే ఆతా హై అంకుల్, బోల్ నహీ పాతీ." అర్థమవుతుందిట, మాట్లాడలేదుట. ఫరవాలేదమ్మా అన్నాను. తెలుగు అర్థమయ్యే మనిషి ఫోన్ చేసిందన్న సంతోషమే నాకు చాలు.

ఏం జరిగిందంటే, ఈ అమ్మాయి పాత స్కిట్లని ముక్కలు చేసి ఫోన్లలో చూసేలా పెడుతోంది. ఎవరూ పట్టించుకోలేదు. విసుగొచ్చి ఒకసారి పాత ట్రాకులు వెతికి, మూడు మైకులూ ఏ కోతా లేకుండా ఉన్నదున్నట్టు పెట్టేసింది. అది పంపులో గాలి స్కిట్. హాలంతా నవ్వి ఊరుకున్నాక ఒక్క ఆడమనిషి పకపకా నవ్వటం కుర్రాళ్లకి పిచ్చిపిచ్చిగా నచ్చేసింది. 'లేట్ వాలీ ఆంటీ' అని పేరు పెట్టారు. ఓల్డ్ రాజిందర్ నగర్ రీడింగ్ రూముల్లో సివిల్స్ కోచింగ్ పిల్లలు ఆవిడలా ఆలస్యంగా నవ్వి ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటున్నారుట. ఆ దెబ్బతో పాత స్కిట్లన్నీ చూశారు, తర్వాత కొత్తవీ చూశారు. మళ్లీ హాల్లోకి జనాన్ని పిలిస్తే గేటు బయట కుర్రాళ్లు వరస కట్టారుట.

ఆవిడ ఎవరై ఉంటారని అడిగింది. చెప్పాను. నా భార్యేనని.

తర్వాత అసలు విషయం చెప్పింది. కొత్త సీజన్లో ప్రతి స్కిట్ చివరా ఆ నవ్వు పెట్టాలనుకుంటున్నారుట, షోకి గుర్తులాగా. పైవాళ్లకి తను మాటిచ్చేసింది. "పర్ ఆప్ ఠీక్ హై బోలేంగే తభీ, అంకుల్." నేను సరేనంటేనే. వచ్చి మంచి నవ్వొకటి నన్నే ఎంచిపెట్టమంది.

నవ్వు అతికించొద్దని పైన అంత గట్టిగా రాశానా? ఆ క్షణంలో ఆ నీతులన్నీ గాలికి వదిలేశాను. వారం వారం టీవీలో సుగుణ నవ్వుతుంది. ఆ రోజుకోసం ఎదురుచూడొచ్చు. ఎదురుచూడటానికి ఏమీ లేని ఇంట్లో ఉండి చూడండి, అప్పుడు తెలుస్తుంది. వస్తానమ్మా అన్నాను.

మూడో ట్రాకు

అనుకున్న రోజు మధ్యాహ్నం స్టూడియోలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ ఇచ్చి, పాత ఎపిసోడ్లు ఒక్కొక్కటీ పెట్టింది షాలిని. మూడో మైకు మాత్రమే. హాలు నవ్వు, కొంచెం ఖాళీ, ఆ తర్వాత సుగుణ. మళ్లీ మళ్లీ. నా కళ్లు మూసుకునే ఉన్నాయి.

అలా వింటుండగా దర్జీ స్కిట్ వచ్చింది. ఇది లైను పోయిన రోజుది, ఇందులో ఆవిడ నవ్వుండదు, తీసెయ్యమ్మా అందామనుకున్నాను. ఈలోపే పెళ్లికొడుకు గోల మొదలెట్టాడు. దర్జీ, "నేను కొలత ప్రకారమే కుట్టాను సాబ్..." అన్నాడు. అక్కడ, మాట ఇంకా పూర్తవలేదు, మైకుకి దగ్గరగా ఒక ఊపిరి గబుక్కున లోపలికి. ఆ ఊపిరి నాకు తెలుసు. జోకు పడింది, సుగుణ నవ్వింది. హాలంతటితో కలిసి కాదు, హాలుకన్నా ముందు.

వెనక్కి తిప్పించాను. మళ్లీ విన్నాను. తర్వాత స్కిట్, ఆ తర్వాతది. అన్నిటికీ సరైన సమయానికే నవ్వింది. ఎవరూ చెప్పకుండానే, హిందీలోనే.

మొదట ఒళ్లు మండింది. ఓసి దీని తెలివి తగలెయ్యా! బస్సులో అన్ని జోకులూ మళ్లీ నాచేత చెప్పించావు కదే, ఏమీ తెలియనట్టు! ఆ తర్వాత ఇంకా ఎన్నో ఏళ్లు అదే సీట్లో, అదే ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది. ఎపిసోడ్లన్నీ అక్కడే ఉన్నాయి, అన్నిట్లోనూ ఆలస్యంగానే నవ్వింది. అంటే జోకు అందరితోపాటే అర్థమవుతోంది. నవ్వు ఆపుకుని, నేను చెవిలో చెప్పేదాకా ఆగి, అప్పుడు నవ్వుతోంది. హిందీ వచ్చేసిందని చెబితే నేనెక్కడ చెప్పటం మానేస్తానోనని.

స్టూడియోలో, ఆ చిన్నపిల్ల ముందు, ఏడ్చాను. ఎవరేమనుకుంటే నాకేం?

షాలిని మంచినీళ్లు తెచ్చిచ్చింది. జరిగిందంతా తెలుగులో చెప్పాను. చివర్లో, "ఆ నవ్వు ఇవ్వలేనమ్మా," అన్నాను. "పాత స్కిట్లలో ఎక్కడున్నది అక్కడ ఉండనీ. అది జోకు విని నవ్వింది కాదు, నా గొంతు విని నవ్వింది. నేను చెప్పని జోకుకి దాన్ని అతికిస్తే అబద్ధమైపోతుంది."

పైవాళ్లకి మాటిచ్చిన పిల్ల. పెదవి కొరుక్కుంది. "ఠీక్ హై అంకుల్, నహీ డాలేంగే," అంది. పెట్టంలే అని.

ఊరికే వద్దనటం మర్యాద కాదు కదా, ఒక సలహా ఇచ్చాను. "మీ హాల్లో హిందీ సరిగా రాని వాళ్లని కొంతమందిని కూర్చోబెట్టు. పక్కన వాళ్లకి కావలసినవాళ్లని పెట్టు, చెవిలో చెప్పటానికి. లేటు నవ్వు దానంతటదే వస్తుంది." షాలిని, వాళ్ల అమ్మమ్మ ఏలూరు నుంచి వచ్చి ద్వారకలోనే ఉంటోందని చెప్పింది. అయితే ఆవిడతోనే మొదలెట్టమన్నాను. "కానీ చెప్పాల్సింది నువ్వే. తెలుగులో." మొదటిసారి తెలుగులో అంది, "ట్రై చేస్తాను తాతగారూ."

వైశాలి వెళ్లటానికి యమునా బ్యాంక్ స్టేషన్లో మెట్రో రైలు మారి కూర్చున్నాను. ఎదురుగా ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు ఒకే ఫోన్ మీద వంగి చూస్తున్నారు. గొంతులు విని గుర్తుపట్టాను. పంపు, గాలి, ఇంటి ఓనరు. ఫ్యాను మాట పడింది, హాలంతా నవ్వింది, సద్దుమణిగింది. పిల్లలిద్దరూ లేట్ వాలీ ఆంటీ కోసం ఊపిరి బిగబట్టారు.

నేను మాట్లాడాల్సిన చోటది. పెదవులు కదిలీ కదలకుండా అన్నాను, "పంపులో గాలొత్తంది గదా, ఇంక ఫ్యానెందుకయ్యా అంటన్నాడు."

సుగుణ నవ్వింది.